వెన్నుపాము మొఱ

మన యిండ్లలో రోగము చిన్నదో పెద్దదో నిర్ణయించుటకు వాడుకలో నున్న కొలబద్ద యొక్కటే. అది నొప్పి. పంటిపోటుతో రాత్రియంతయు నిద్రలేనివానిని తెల్లవారుసరికి డాక్టరుగారి యొద్దకు గొనిపోవుదుము. నడచుచుండగా కాలు తడబడుచున్నదని చెప్పినవారిని మాత్రము "కొంచెము సేపు కూర్చుండుము, అదే సర్దుకొనును" అని యోదార్చి మన పనులు మనము చూచికొందుము. అడుగనిదే యమ్మయినను అన్నము పెట్టదని సామెత. శరీరములోని యవయవములకు నొప్పియే యడుగుట. పన్ను అడుగును, కడుపు అడుగును, చెవి అడుగును. అడుగుట చేతకాని యవయవ మొకటి మనలో నున్నది. అది వెన్నుపాము. తన్ను నలిపివేయుచున్నను అది తన నోట నొప్పియని చెప్పజాలదు. ఇతరుల నోట చెప్పించుకొనును: కాలి నోట, వ్రేలి నోట, మూత్రాశయము నోట. ఆ నోళ్లు పలుకు మాటలు మన కర్థము కావు. అర్థమయినను వానిలో కొన్నిటిని బయటికి చెప్పుటకు మనకు సిగ్గు.

మేము వైద్యులము కాము. పాండిత్యము చూపుటకును దీనిని వ్రాయుట లేదు. మా యింటి పెద్ద యొకరు పదునొకండేండ్లు మంచము పట్టియుండి మాకు నేర్పిన పాఠ మిది. దానిని చదువరుల కప్పగింపక పోవుట మరియొక తప్పగునని వ్రాయుచున్నాము.

మా మేనత్తగారు పదునెనిమిదవ యేట భర్తను గోల్పోయి మా నాన్నగారి యింటికి వచ్చిరి. కోనసీమలో మాది చిన్న గ్రామము. అప్పటినుండి మా యింటి వంట, పెరటి పాదులు, పసిబిడ్డల స్నానములు, వచ్చెడి పోయెడి బంధువుల మర్యాదలు, అన్నియు నామె చేతిమీదుగనే నడచెను. మేము తల్లి యొడిలోకంటె నామె యొడిలోనే యెక్కువగా పెరిగితిమి. 1977వ సంవత్సరము వర్షాకాలమున, నలువదినాలుగేండ్ల వయస్సున, ఆమెకు భుజముల నడుమ వెన్నులో సన్నని నొప్పి ప్రారంభమయ్యెను. నూతినీళ్లు తోడి తోడి వెన్ను పట్టినదని యందఱ మనుకొంటిమి. సాయంకాలము లందు ఒళ్లు వెచ్చబడుచుండెను. అది యలసట యనుకొంటిమి. రవికె వదులయ్యెను, ఉపవాసము లెక్కువైన వనుకొంటిమి. ఒక్కొక్క గుర్తునకు నొక్కొక్క కారణము మాయొద్ద సిద్ధముగా నుండెను. అన్నిటికిని గలిపి యొకే కారణ ముండవచ్చునని మాత్రము మాలో నెవ్వరికిని తోచలేదు.

దీపావళి వెళ్లిన పిమ్మట నామె మాటలు వింతగా మాఱెను. "నేలమీద నడుస్తున్నట్టు లేదు వదినా, పరుపుమీద నడుస్తున్నట్టుంది" అని మా యమ్మగారితో ననిరి. "రొమ్ము కింద ఎవరో గుడ్డ బిగించి కట్టినట్టుంది" అని మరియొకనా డనిరి. నూతిగట్టు నొద్ద ముఖము కడుగుకొనుచు కన్నులు మూసికొనగానే తూలి పడబోయిరి. రాత్రులందు కాళ్లు తమంతట తామే బిగిసి యెగిరిపడుచుండెను. ఇది చూచి యూరివారు గాలి సోకినదని తేల్చిరి. ఒకరు వచ్చి తాయెత్తు కట్టిరి. మరియొకరు వచ్చి, వెన్ను సరిచేయుదునని చెప్పి, ఆమెను బోర్లపరుండబెట్టి మోకాలితో నొక్కిరి. నాడామె వేసిన కేకను మేము వినలేదు. మేమప్పటికి కాకినాడలో బి.యస్సీ. చదువుచుంటిమి. విన్నవారు చెప్పగా విన్నదే నేటికిని మా చెవులలో నున్నది.

సంక్రాంతి సెలవులకు మే మింటికి పోవుసరికి ఆమె గోడ పట్టుకొని నడచుచుండిరి. "ఏమిటత్తయ్యా ఇది?" అని యడిగితిమి. "ఏం లేదు నాయనా, ముసలితనం" అని నవ్విరి. నలువదినాలుగేండ్లకు ముసలితనమా యని మేము మారు ప్రశ్న వేయలేదు. ఆ రాత్రి తలుపు చాటున నామెయు మా యమ్మగారును మెల్లగా మాటలాడుకొనుట మా చెవిని బడెను. మూత్రము సరిగా వచ్చుట లేదు. ఎంత సేపు కూర్చున్నను కొంచెము కొంచెముగా వచ్చి నిలిచిపోవుచున్నది. మూడు వారములుగా నిట్లే యున్నది. ధనియాల కషాయమును, బార్లీ నీళ్లును ఇచ్చి చూచుచున్నారు. "ఈ మాట మగవాళ్ల చెవిని పడనివ్వకు వదినా" అని యత్తయ్యగారు ప్రాధేయపడిరి. "నేనెందుకు చెబుతాను" అని మా యమ్మగారు మాట యిచ్చిరి.

మేము వింటిమి. వినియు నూరకుంటిమి. ఇక్కడ చదువరుల యెదుట మా తప్పు నొప్పుకొనవలసి యున్నది. ఆ యేడు కళాశాల ప్రయోగశాలలో మేము కప్పను కోసియుంటిమి. దాని వెన్నునాళములో సూదిని దూర్చి వెన్నుపామును చెఱచినచో కాళ్లు చచ్చుబడి వ్రేలాడునని స్వహస్తములతో చేసి చూచి, బొమ్మ గీచి, మార్కులు సంపాదించితిమి. అటువంటి వెన్నుపామే మా యత్తయ్యగారి వెన్నులోను నున్నదని మాకు స్ఫురింపలేదు. స్ఫురించియున్నను, ఆడువారి మూత్రము సంగతి నాన్నగారి యెదుట నెత్తుటకు మాకు నోరు వచ్చియుండదు. చదువు తలలో నుండెను. సిగ్గు నాలుకపై గూర్చుండెను. ఇట్టి సమయములందు గెలుచునది నాలుకపై నున్నదే.

కనుమ వెళ్లిన తొమ్మిదవనాటి యుదయమున నామె మంచముమీదనుండి లేవలేకపోయిరి. కాళ్లు రెండును తడిగుడ్డలవలె వాలిపోయి యుండెను. గిల్లినను తెలియకుండెను. అప్పుడు మా యిల్లంతయు కదలెను. పట్టణములోని పెద్దాసుపత్రిలో ఎక్సురే తీసిరి. వెన్నెముకలో రెండు పూసలు క్షయక్రిములచే తినబడి కూలియుండెను. వాని కిరుప్రక్కల చీముసంచి నీడవలె గనబడెను. డాక్టరుగారు మా నాన్నగారి నడిగిన మొదటి ప్రశ్న, "మూత్రము కట్టి యెన్ని రోజు లయినది?" అన్నది. నాన్నగారు తెల్లబోయి, "అటువంటి దేమియు లేదండీ" అనిరి. మా యమ్మగారు గోడవైపు తిరిగి, "నెల రోజులైనది" అనిరి. మా నాన్నగా రామెవైపు చూచిన చూపును, ఆమె నేలవైపు చూచిన చూపును, మేము కిటికీవైపు చూచిన చూపును నేటివఱకును మఱవలేకున్నాము.

ప్రక్కటెముక ముక్కను దీసి, ఆ దారిని చీమును వెడలించిరి. సూదిమందులును మాత్రలును ఏడాదిన్నర వాడించిరి. క్షయ నయమయ్యెను. కాళ్లు రాలేదు. "తడబడిన తొలి రోజులలో తెచ్చియుంటే నడిచేవారేమో" అని డాక్టరుగా రనిరి. ఆ "ఏమో" మా యింట పదునొకండేండ్లు నివసించెను.

ఇంతకును ఈ వెన్నుపా మనగా నేమి? మెదడు క్రిందినుండి బయలుదేరి వెన్నుపూసల నడిమి నాళములో దిగెడి నరముల త్రాడు. పెద్దవారిలో నది యించుమించు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి లావు, మూడు తులముల తూకము. నడుము పైభాగమునకు వచ్చుసరికే అది ముగియును. అటుపైని వేఱువేఱు నరములు గుఱ్ఱపుతోకవలె జాలువాఱును. 31 జతల నరములు దానితో చేరియుండును. కాలు కదపుమన్న యాజ్ఞ దానిగుండ దిగవలెను. కాలిక్రింద ముల్లున్నదన్న వార్త దానిగుండ నెక్కవలెను. మూత్రమును నిలుపుటయు విడుచుటయు దాని చేతిలోనివే. ఇంతటి విలువగల దగుటచేతనే దానిచుట్టు ఎముకల కోట కట్టబడినది. కాని యా కోటలో చోటు తక్కువ. బయటి దెబ్బనుండి కాపాడు గోడలే, లోపల నేదేని పెరిగినప్పుడు చెఱసాల గోడలగును. చీము గావచ్చును, గడ్డ గావచ్చును, విఱిగిన యెముక గావచ్చును, స్థానము తప్పిన డిస్కు గావచ్చును, గడ్డకట్టిన రక్తము గావచ్చును. వెన్నుపాము తప్పించుకొని పోవుటకు దారి లేదు.

ఒత్తిడి పడగానే వెన్నుపాము చచ్చిపోదు. తొలుత దానినుండి రక్తమును తిరిగి కొనిపోవు సన్నని సిరలు నొక్కుకొని, అది యుబ్బును. ఉబ్బినకొలది చోటు మరింత తక్కువగును. పిమ్మట దానికి రావలసిన రక్తమే తగ్గిపోవును. కట్టకడపట నరములు నశించును. ఉబ్బినది తగ్గవచ్చును, నశించినది తిరిగి రాదు. ఈ రెంటి నడుమ నున్న వ్యవధియే రోగికి గల యదృష్టమంతయు. మెల్లగా పెరుగు ఒత్తిడికి నెల లుండవచ్చును. హఠాత్తుగా వచ్చినదానికి గంటలే యుండును. నడచుచు నాసుపత్రికి వచ్చినవారిలో పెక్కుమంది నడచుచునే యింటికి పోవుదురు. మోసికొని రాబడిన వారిలో పెక్కుమందికి ఆ భాగ్యము లేదు. వైద్యవిద్య యెంత పెరిగినను ఈ నియమము మాఱలేదు.

ఈ రోగము క్రొత్తది కాదు. ఇంచుమించు 3,600 ఏండ్లనాటి ఐగుప్తు దేశపు వైద్యగ్రంథ మొకటి 1862లో ఎడ్విన్ స్మిత్ అను నాతని చేతికి వచ్చినది. మెడపూస తప్పినవానికి కాళ్లు చేతులు తెలియకుండుటను, తెలియకయే మూత్రము కాఱుటను ఆ ప్రాచీన వైద్యుడు గుర్తించి, ఇది చికిత్స చేయదగినది కాదని నిర్ణయించెను. అతనియొద్ద మందు లేకుండెను గాని, రోగి మూత్రమును గుఱించి విచారించుటకు సిగ్గు లేకుండెను. మాయొద్ద మందుండెను, ఆ విచారణయే లేకపోయెను. 1779లో లండను నగరమున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు, వెన్ను వంగి గూనివచ్చిన బిడ్డల కాళ్లు చచ్చుబడుటను వర్ణించి గ్రంథము వ్రాసెను. వెన్నెముక క్షయను నేటికిని డాక్టర్లు ఆయన పేరనే పిలుతురు. దానికి కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను; దానిని చంపు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరకెను. అనగా మా యత్తయ్యగారి కాళ్లు తడబడునాటికే శాస్త్రము తన పని చాలవఱకు చేసియే యుండెను. మిగిలినది మా యింటి పని.

ఆ పని చేయు నవకాశము మాకు నలువదినాలుగేండ్లకు మరల దొరకెను. 2022వ సంవత్సరమున మా యింట వంట చేయు నామె యొకనాటి యుదయమున గుమ్మము దాటి లోపలికి వచ్చెను. ఆమె కాలి చెప్పులలో నొకటి వీధి మెట్టుమీదనే యూడిపోయి పడియున్నది. రెండవదానిని విడుచుట కామె వంగినప్పుడు గాని మొదటిది లేదని తెలియలేదు. "ఈ మధ్య ఇంతే బాబుగారూ, చెప్పు ఎక్కడ జారిపోతోందో తెలియడం లేదు" అని నవ్వెను. ఆ నవ్వును మే మెఱుగుదుము. అది మా యత్తయ్యగారి నవ్వు.

మే మామెను కూర్చుండబెట్టి యడిగితిమి. వెన్నునొప్పి నాలుగు నెలలనుండి యున్నది. సాయంకాలపు జ్వరమున్నది. మెట్లు దిగునపు డెడమ మోకాలు వంగిపోవుచున్నది. అంతవఱకు చెప్పెను. మిగిలిన ప్రశ్న మేమే యడుగవలెను. అరువదేండ్లు దాటిన మగవారము, పరాయి యాడుదానిని. మా గొంతు వణకినమాట నిజము. "అమ్మా, మూత్రం సరిగా వస్తోందా?" అంటిమి. ఆమె కొంగు నోట గ్రుక్కుకొని తల వంచుకొనెను. మా భార్య యామె ప్రక్కన గూర్చుండి చేయి పట్టుకొని, "చెప్పమ్మా, ఇందులో సిగ్గేముంది? నడక పోతే తిరిగి రాదు" అనెను. "రెండు రోజులనుంచి ఆగి ఆగి వస్తోంది అమ్మగారూ" అని యామె మెల్లగా జెప్పెను. ఆనాడు మా యింట వంట కాలేదు.

మధ్యాహ్నమునకే డాక్టరుగా రామె యరికాలిని మొద్దుకఱ్ఱతో గీచి చూచిరి. పెద్దవారికి అట్లు గీచినచో బొటనవ్రేలు క్రిందికి ముడుచుకొనవలెను. ఆమెది పైకి లేచెను. 1896లో పారిసు నగరపు బాబిన్‌స్కీ యను వైద్యుడు లోకమునకు తెలిపిన గుర్తు ఇది, ఖర్చులేని పరీక్ష. సాయంకాలము ఎం.ఆర్.ఐ. తీసిరి. రెండు పూసల నడుమ చీము, అది వెన్నుపామును నొక్కుచుండుట, స్పష్టముగా గనబడెను. సూదితో నచ్చటి ముక్కను దీసి పరీక్షించి, క్షయయే యని తేల్చి, దానికి ముఖ్యమైన మందు పనిచేయునని కూడ నిశ్చయించుకొని చికిత్స మొదలిడిరి. మూత్రమునకు గొట్టము పెట్టిరి. వెన్ను కదలకుండ పట్టీ కట్టిరి. ప్రతిదినమును కాళ్ల బలమును కొలిచి వ్రాసికొనిరి.

వెంటనే కోయుదురేమో యని భయపడితిమి గాని కోయలేదు. ఈ విషయమున మన దేశమునకు గొప్ప భాగము గలదు. కాశీ విశ్వవిద్యాలయపు టెముకల వైద్యులు తులీగారు 1975లో మధ్యేమార్గ మను పద్ధతిని ప్రకటించిరి. వెన్నెముక క్షయ వచ్చిన ప్రతివారిని కోయనక్కఱలేదు. మందులిచ్చి కనిపెట్టి చూడవలెను. కాళ్లు బాగుపడకున్నను, బలము తగ్గుచున్నను, అప్పుడు జాగు సేయక కోయవలెను. అది యా పద్ధతి సారము. మా వంటామెకు నాలుగవ వారమున కాలిలో బలము రాసాగెను, గొట్టము తీసివేసిరి. పదునెనిమిది నెలలు మందులు మ్రింగి యామె నేడు మునుపటివలె నడచుచున్నది. మందులు ప్రభుత్వమే యుచితముగా నిచ్చెను. పౌష్టికాహారమునకై 2018 నుండి క్షయరోగులకు నెలకు 500 రూపాయలు నిచ్చుచుండిరి; 2024 నవంబరునుండి అది 1000 రూపాయలయ్యెను.

ఇరుగుపొరుగువారు మాత్రము, "క్షయ వచ్చినదానిచేత వంట చేయించుకుంటారా?" యని మమ్ము మందలించిరి. ఎముకలోని క్షయ యెదుటివారికి ఊపిరిద్వారా అంటదు. ఊపిరితిత్తులలో నున్నదే అంటును. ఆమె ఊపిరితిత్తులను పరీక్షింపగా నవి నిర్మలముగా నుండెను. ఈ సంగతి చెప్పినను కొందఱు మా యింట కాఫీ త్రాగుట మానిరి. రోగమునకంటె నిందకు వెఱచియే పెక్కుమంది రోగము దాచుకొందురన్నమాట యిట్టి చోటనే తెలియును.

క్షయ యొక్కటియే వెన్నుపామును నొక్కునని చదువరు లనుకొనరాదు. తెలుగునేలమీద త్రాగునీరే యీ పని చేసినది. 1937లో అప్పటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములందు ఫ్లోరైడు నీటివలన ఎముకలు బిగిసి మనుష్యులు వంగిపోవుటను వైద్యులు ప్రకటించిరి. 1955లో నల్లగొండ జిల్లా దురవస్థ వైద్యపత్రికల కెక్కెను. ఏండ్లతరబడి యట్టి నీరు త్రాగినవారికి ఎముకయు, పూసలను బంధించు నరములవంటి కట్లును పెరిగి గట్టిపడి, వెన్నునాళము సన్నమై, కాళ్లు చచ్చుబడును. ఆ గట్టి యెముకను తొలచి వెన్నుపామును విడిపించుట శస్త్రవైద్యులకును కష్టమే. దీనికి మంచినీరే మందు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీరు త్రాగదగదు. పటికయు సున్నమును వేసి ఫ్లోరైడును దీయు విధానమునకు నల్లగొండ పద్ధతియని పేరు వచ్చినది. ఒక జిల్లాకు కీర్తి యిట్లు వచ్చుట విచారకరము.

రెండవది క్యాన్సరు. రొమ్ములో, ఊపిరితిత్తులలో, పురుషుల ప్రొస్టేటు గ్రంథిలో పుట్టిన క్యాన్సరు వెన్నుపూసలకు ప్రాకుట కలదు. రొమ్ములోని గడ్డను సిగ్గుచే దాచుకొన్న స్త్రీకి వెన్ను నొప్పి వచ్చినచో, ఆ సిగ్గే రెండవమా రామె కాళ్లమీద పడును. క్యాన్సరు వచ్చియున్నవారికి క్రొత్తగా వెన్నునొప్పి, ముఖ్యముగా పండుకొన్నప్పు డెక్కువయగు నొప్పి వచ్చినచో, రేపు మాపు అనరాదు. వాపు తగ్గించు స్టెరాయిడు మందును వెంటనే యిచ్చి, కిరణచికిత్స గాని, తగినవారికి శస్త్రచికిత్సతో గూడిన కిరణచికిత్స గాని చేయుదురు. క్యాన్సరు మిగిలియున్నను నడక మిగులవచ్చును. మిగిలిన దినములు తన కాళ్లమీద గడపుట తక్కువ భాగ్యము కాదు.

మూడవది వయస్సు. మెడపూసలు అరిగి, డిస్కులుబ్బి, నాళము సన్నమైనప్పుడు వెన్నుపాము మెడలోనే నలుగును. ఇందు నొప్పి బొత్తిగా లేకపోవుటయు కలదు. తాతగారు చొక్కా బొత్తాములు పెట్టుకొనలేరు. అమ్మమ్మగారి ముగ్గు గీతలు వంకరలు పోవును, సూదిలో దారమెక్కదు. నడక కఱ్ఱబొమ్మ నడకవలె నగును. మనము "వయస్సు మీదపడినది" అందుము. అన్నిటికిని వయస్సు కారణము కాదు. సకాలమున శస్త్రచికిత్స చేసినచో రోగము ముదరకుండ నాగుటయు, కొందఱికి పోయిన నేర్పులో కొంత తిరిగి వచ్చుటయు జరుగును.

కాబట్టి గృహస్థులును గృహిణులును ఈ కొలది సంగతులను జ్ఞాపక ముంచుకొందురు గాక. వెన్నునొప్పి లేనివా రరుదు. దానిలో నూటికి తొంబదిపాళ్లకు పైగా ప్రమాదము లేనిదే. కాని వెన్నునొప్పితో జ్వరము, చిక్కిపోవుట, కాళ్ల బలహీనత, తడబాటు, మొద్దుబాఱుట, రొమ్ముచుట్టు గాని నడుముచుట్టు గాని పట్టీ కట్టినట్లుండుట, ఇందేది గలిసినను డాక్టరునకు చూపవలెను. మూత్రము కట్టుట, తెలియక పోవుట, మలద్వారముచుట్టు స్పర్శ తెలియకుండుట గనబడినచో ఆనాడే, ఆ గంటయే పోవలెను. అట్టివారి వెన్నును తోమించుట, త్రొక్కించుట, విఱిపించుట హత్యతో సమానము. చెట్టుమీదనుండి గాని బండిమీదనుండి గాని పడినవానిని కాళ్లు చేతులు పట్టి యెత్తరాదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు నలుగురు గలిసి బల్లమీదికి దొర్లించి తీసికొనిపోవలెను.

మఱి కాళ్లు పోయినవారి మాట యేమి? ఈ ప్రశ్నకు మా యింట మేము చెప్పిన సమాధానము మంచిది కాదు. పూర్వము వెన్నుపాము చెడినవారు మూత్రరోగములచేతను, మంచపుండ్లచేతను కొలదికాలములోనే చనిపోవుచుండిరి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో గుట్మన్ అను వైద్యుడు అట్టివారికై ప్రత్యేకశాల తెఱచి, రెండేసి గంటలకు ప్రక్క మార్చుటచేతను, మూత్రమార్గమును శుభ్రముగా నుంచుటచేతను వారు బ్రతుకగలరని చూపెను. బ్రతికియుండుట చాలదనియు వారిచేత పనియు నాటయు చేయించెను. 1948లో చక్రాల కుర్చీలలో గూర్చుండి పదునాఱుగురు విలువిద్యలో పోటీపడిరి. మన దేశముననే వేలూరు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు మేరీ వర్గీస్ గారికి 1954లో కారు ప్రమాదమున కాళ్లు రెండును పోయెను. ఆమె చక్రాల కుర్చీలో గూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. ఆమె కృషిచే 1966లో వేలూరున కాళ్లు చేతులు పోయినవారిని తిరిగి బ్రతుకునకు సిద్ధపఱచు సంస్థ వెలసెను. 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుదము వచ్చెను.

ఇదంతయు జరుగుచున్న దేశముననే మా యత్తయ్యగారు పెరటిగదిలో పైకప్పు చూచుచు పండుకొని యుండిరి. సేవలో లోపము లేదు. మా యమ్మగారు పదునొకండేండ్లును రాత్రి రెండేసి గంటలకు లేచి యామెను ప్రక్క మార్చిరి. నాడిచ్చిన మాటకు ఆమె తనకు తానే విధించుకొన్న శిక్ష యదియని మాకు తెలియును. 1984లో మేము ఉద్యోగపు డబ్బుతో చక్రాల కుర్చీ యొకటి కొని తెచ్చితిమి. పెరటిగదికిని వాకిటికిని నడుమ మూడు గడపలుండెను. వానిని తీయింపవలెనని మే మనగా, గడప తీయుట యింటికి కీడని నాన్నగా రొప్పుకొనలేదు. మేము గట్టిగా వాదింపలేదు. ఆ రోజులలో వాదించుట మాకు చేతకాదని ముందే చెప్పితిమి గదా. కుర్చీ వసారాలో నిలిచిపోయెను. కొన్నాళ్లకు దానిపై వడ్లబస్తా పెట్టిరి. అత్తయ్యగారు 1989లో వాకిట ముగ్గు చూడకయే కన్ను మూసిరి. మేము పిమ్మట కట్టుకొన్న యింట గడపలు లేవు. పండుగనాడు పసుపు కుంకుమలు పెట్టుటకు నేలపై గీచిన గీత చాలుచున్నది. ఇంతవఱకు మాకు కీడేమియు రాలేదు.

చదువరులారా, మన పెద్దలు మనకు నేర్పిన మర్యాదలలో మంచివి పెక్కులున్నవి. కాని శరీరమునుగూర్చి మాటలాడకుండుట మర్యాద కాదు. ఇంట నొకరి నడక మాఱినదని కంటబడిన నాడు, "కాళ్లెట్లున్నవి? చేతులెట్లున్నవి?" యని యడుగుడు. పిమ్మట ఆ మూడవ ప్రశ్నయు నడుగుడు. భర్త భార్యను, కొడుకు తల్లిని, కోడలు మామగారిని అడుగవలసి వచ్చినను జంకకుడు. ఆ క్షణకాలపు సిగ్గును మేము నాడు భరించియుండినచో మా యత్తయ్యగారు నడచియుందురో లేదో యెవ్వరు చెప్పగలరు? మే మడుగలేదన్నది మాత్రము నిశ్చయము.